అద్దె కట్టాక ఎంత మిగిలింది? జగద్గిరిగుట్టలో అద్దె భారం కొలిచిన ఒక కేస్ స్టడీ

అద్దె బాకీ పడి గది ఖాళీ చేయాల్సి వచ్చిన కుటుంబాలకు రెండు నెలల అద్దె సాయం అందించే చిన్న కార్యక్రమం మాది. హైదరాబాద్‌లో జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టుపక్కల, ఎక్కువగా జగద్గిరిగుట్ట వైపు పనిచేస్తాం. 2025 వానాకాలంలో నిధి ఇచ్చే సంస్థ ఒక షరతు పెట్టింది. కుటుంబ ఆదాయంలో అద్దె 30 శాతం దాటితేనే సాయం, దాటకపోతే లేదు. ఒక్క భాగహారంతో తేలిపోతుంది, ఆడిట్‌కీ సులువు. అయితే ఆ బస్తీల్లో తిరిగేవాళ్లెవరికైనా అనుమానం వస్తుంది: అద్దె ఎంత శాతం అన్నది అడగాల్సిన ప్రశ్నేనా? అందుకే దరఖాస్తు పెట్టుకున్న ప్రతి కుటుంబానికీ మొదటి నుంచీ రెండు లెక్కలు వేశాం. ఒకటి వాళ్లడిగిన శాతం. రెండోది, ఆ గదిలో ఉండడానికి అయ్యే ఖర్చంతా పోయాక ఇల్లు గడవడానికి చేతిలో ఎంత మిగులుతుందన్నది.

రెండు లెక్కలూ చాలాసార్లు ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకంగా వచ్చాయి. ఎందుకలా వచ్చాయో, చివరికి ఏ లెక్కతో పని నడిపామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కుటుంబాల వివరాలు కొద్దిగా మార్చాను.

30 శాతం ఎక్కడి నుంచి వచ్చింది

ఇది అమెరికా ప్రభుత్వ గృహాల నుంచి వచ్చిన అంకె. 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణతో ప్రభుత్వ ఇళ్లలో ఉండేవాళ్ల అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదన్నారు. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. అంటే ప్రభుత్వం తన కిరాయిదారుల దగ్గర ఎంతవరకు వసూలు చేయొచ్చో చెప్పే పరిమితి అది. అంత చెల్లించాక ఆ కుటుంబం కడుపునిండా తింటుందా లేదా అని కొలవడానికి పెట్టింది కాదు. తర్వాత అదే అంకె ప్రపంచమంతా పాకింది. మన దేశంలో అందుబాటు ధర ఇళ్ల మీద కేంద్రం వేసిన 2008 నాటి దీపక్ పరేఖ్ టాస్క్ ఫోర్స్ కూడా తక్కువ ఆదాయ వర్గాలకు ఆ గీతనే తీసుకుంది.

పేదవాళ్ల విషయంలో శాతం ఎందుకు కుదరదో 1868లోనే బెర్లిన్‌లో హెర్మన్ ష్వాబే అనే గణాంక నిపుణుడు చూపించాడు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో ఇంటి ఖర్చు వాటా పెరుగుతుందన్నది ఆయన గమనించిన విషయం. నెలకు లక్ష సంపాదించేవాళ్లు 40 వేలు అద్దె కట్టినా 60 వేలు మిగులుతాయి. పది వేలు సంపాదించేవాళ్లు 3 వేలే కట్టినా మిగిలిన ఏడు వేలతో నలుగురు బతకాలి. అమెరికాలో ఇళ్ల సమస్య మీద పరిశోధన చేసిన మైకేల్ స్టోన్ ఈ వాదాన్నే ముందుకు తీసుకెళ్లి, శాతం పక్కనపెట్టి మిగులు చూడమన్నాడు. మేం వేసిన రెండో లెక్కకు ఆధారం అదే.

మన ప్రభుత్వ సర్వేల సగటు చూసినా ఈ బాధ కనపడదు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో పట్టణ కుటుంబాల ఖర్చులో అద్దె వాటా సుమారు 7 శాతం. చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ సగటులో అద్దె కట్టని సొంతింటివాళ్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణాల్లో అద్దెకుండే కుటుంబాలు 27.5 శాతమే. ఆ కొద్దిమంది కట్టే అద్దెను అందరి మీదా పరిస్తే వచ్చే అంకె అది. ఒక రేకుల గదిలో ఉండే కుటుంబం గురించి అది మనకు ఏమీ చెప్పదు.

అద్దె అంటే అద్దె ఒక్కటే కాదు

మొదటి కుటుంబం శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. ఆయనది సెంట్రింగ్ పని, ఆమె నాలుగిళ్లలో పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి, మొత్తం ఐదుగురు. రేకుల కింద ఒక గది, దాని పక్కనే పొయ్యికి సరిపడా జాగా. అద్దె 5,500. నెలకు ఎంత వస్తుందని అడిగితే పాతికవేలన్నారు. 22 శాతం. సంస్థ షరతు ప్రకారం వాళ్లకు సాయం అక్కర్లేదు. అయినా రెండు నెలల బాకీ ఉంది.

ఆ గదికి వాళ్లు కట్టేది 5,500తో ఆగదు. కరెంటుకు గోడ మీద సబ్ మీటరు ఉంది. ఓనరు యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటాడు. 70 యూనిట్లు కాలితే 700. అవే 70 యూనిట్లు సొంత మీటరు మీద కాలితే మొదటి 50కి 1.95, తర్వాతి 20కి 3.10 చొప్పున 160 రూపాయలు పడుతుంది. మిగతా చార్జీలన్నీ కలిపినా 300 లోపే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితం, అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. కానీ దానికి కరెంటు కనెక్షన్ నంబరు, ఇక్కడి రేషన్ కార్డు జతపడాలి. ఎనిమిది గదులకు ఒకే మీటరున్న ఇంట్లో మొత్తం వాడకం 200 ఎప్పుడో దాటేసి పై శ్లాబుల్లోకి వెళ్తుంది. ఓనరు పది రూపాయలు అడగడానికి ఆయన కారణం ఆయనకుంది. 800 యూనిట్లు దాటినవాటికి డిస్కమ్ (కరెంటు సరఫరా చేసే సంస్థ) వసూలు చేసేదీ పది రూపాయలే. ఎవరూ మోసం చేయకుండానే ఆ చప్టాలో (ఒకే ఆవరణలో వేసిన అద్దె గదుల్లో) తక్కువ కరెంటు వాడే కుటుంబాలు ఎక్కువ వాడేవాళ్లకు పడే రేటు కడుతున్నాయి.

నీళ్లదీ ఇదే తంతు. నగరంలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కనెక్షన్ ఉన్నవాళ్ల పేరు మీద నడుస్తుంది. కిరాయిదారు మాత్రం ‘మోటారు ఖర్చు’ కింద నెలకు 200 ఇస్తాడు. ఇక అడ్వాన్సు. రెండు నెలలది, 11,000. అది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. నెలకు 330. గది మారేటప్పుడు అడ్వాన్సు తిరిగొస్తుంది కాబట్టి దాన్ని ఖర్చులో వేయకూడదని ఒక వాదన ఉంది. అసలు తిరిగొస్తుంది నిజమే, కట్టిన వడ్డీ రాదు. అందుకే వడ్డీ మాత్రం వేశాం. కేంద్రం 2021లో ఆమోదించిన మాదిరి అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదని ఉంది. ఈ బస్తీల్లో అడిగేది అంతకు తక్కువే లేదా అంతే. బరువంతా ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్న దగ్గర ఉంది.

అన్నీ కలిపితే 6,730. పాతికవేల ఆదాయం మీద 27 శాతం. ఇప్పటికీ 30 దాటలేదు.

ఏ నెల ఆదాయం?

ఆయన దగ్గర ఒక పాత డైరీ ఉంది. పనికి వెళ్లిన రోజు టిక్కు, మేస్త్రీ డబ్బు ఇచ్చిన రోజు ఆ టిక్కు చుట్టూ సున్నా. మార్చి, ఏప్రిల్ పేజీలు టిక్కులతో నిండిపోయాయి. జులై పేజీలో తొమ్మిదే ఉన్నాయి. అందులోనూ రెండింటికి సున్నా చుట్టలేదు, ఆ డబ్బు ఆగస్టులో వచ్చింది. వాన పడితే స్లాబు పని ఆగుతుంది, అడ్డా మీద నిలబడ్డా పిలిచేవాళ్లుండరు. మంచి నెలలో 20 రోజులు, రోజుకు 900 చొప్పున 18,000. ఆమె జీతం 7,000. ఆయన చెప్పిన పాతికవేలు అదీ. జులైలో, ఆగస్టులో చేతికొచ్చిన ఆ రెండు రోజుల కూలీని కూడా కలుపుకుంటే 8,100, ఆమె 7,000, మొత్తం 15,100.

అద్దె మాత్రం జులైలో కూడా 5,500 ఒకటో తారీఖుకు ఇవ్వాల్సిందే. జులై లెక్కన ఇంటి ఖర్చు 45 శాతం.

మాకు అన్నిటికంటే పనికొచ్చిన సంగతి ఇదే. ‘నెలకు ఎంత వస్తుంది’ అని అడిగితే జనం మంచి నెల చెప్తారు. అది అబద్ధం కాదు, తమ పని విలువ అదేనని వాళ్ల లెక్క. ‘పోయిన వారం ఎన్ని రోజులు పని దొరికింది? అంతకు ముందు వారం?’ అని అడిగితేనే అసలు సంగతి బయటికొస్తుంది. ఏడాది సగటు తీసినా లాభం లేదు. బాకీ పడేది సగటు నెలలో కాదు. ఓనరు సామాను బయటపెట్టేదీ సగటు నెలలో కాదు.

ఇంకో మాట. అద్దె గురించి ఓనరు ఎదుట అడగకండి. చాలా బస్తీల్లో ఓనరు అదే చప్టా చివర గదిలో ఉంటాడు. ఆయన కూడా పదేళ్ల కిందట ఇలాగే వలస వచ్చి, అరవై గజాల్లో గదులు వేసుకున్నవాడై ఉంటాడు. ఆయన వింటుంటే కిరాయిదారు బాకీ మాట ఎత్తడు, కరెంటు రేటు చెప్పడు.

మిగలాల్సింది ఎంత

మిగులు చూడాలంటే ఎంత మిగిలితే చాలో ముందు తేల్చాలి. మాకు పెద్ద తర్జనభర్జన ఇక్కడే జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే భోజనం ప్లేటు తీసుకుందామని మొదట చూశాం. మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు. ఐదుగురికి నెలకు పన్నెండున్నర కిలోలు దాటిన పప్పు, 45 లీటర్ల పాలు. ఆ రెండింటికే 4,300 అవుతుంది. అలా వెళ్తే బస్తీలో ఒక్క కుటుంబమూ నెగ్గదు, అంటే ఎవరి చేతిలోనూ సరిపడా మిగలదు. ఎవరూ నెగ్గని కొలతతో ఎవరికి ముందు సాయం చేయాలో తేల్చలేం. అలాగని ఆ ప్లేటు తప్పని కాదు. ఈ పిల్లలు తినాల్సింది అదే.

చివరికి పనిమంతులైన నలుగురైదుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, పాలూ మందులూ ఆపకుండా, అప్పు చేయకుండా నెల గడవాలంటే ఏమేం కావాలో అడిగాం. పైన చెప్పిన ఐదుగురి కుటుంబానికి తేలింది ఇది. బియ్యం 45 కిలోలు, పప్పు 5 కిలోలు, నూనె 3 లీటర్లు, రోజుకు అర లీటరు పాలు, రోజుకు 60 రూపాయల కూరగాయలు, గుడ్లు, ఆదివారం కోడి. ఉప్పూ చింతపండూ చాయ్‌పత్తీ సబ్బులతో కలిపి 7,950. గ్యాసు 900. పిల్లల బడి ఖర్చు 800, ముసలమ్మ బీపీ, షుగర్ మాత్రలకు 700, రెండు ఫోన్లకు 600, ఇద్దరి రాకపోకలకు 1,500. మొత్తం 12,450. ఇందులో బట్టలు లేవు, పండగ లేదు, ఊరికి టికెట్ లేదు.

మంచి నెలలో 25,000 నుంచి 6,730 తీస్తే 18,270 ఉంటుంది. అన్నీ పోను 5,800 మిగిలి చిట్టీకి, ఊరి అప్పుకు వెళ్తుంది. జులైలో ఉండేది 8,370. లోటు 4,080. ఆ లోటు ఎలా పూడ్చారని అడిగితే, “పాలు ఆపేశాం మేడం, మా అత్త మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటోంది” అంది ఆమె. అద్దె కట్టడం, మందులు కొనడం రెండూ ఒకే డబ్బుతో జరుగుతున్నాయని శాతం లెక్క చెప్పదు. అందుకే మా ఫారంలో ‘ఈ నెల ఏం తగ్గించుకున్నారు’ అన్న గడి ఒకటి చేర్చాం.

ఇదే లెక్కను తిప్పి చూస్తే, ఈ కుటుంబం మంచి నెలలో ఆదాయంలో సగం ఇంటికి పెట్టినా బతకగలదు. జులైలో మాత్రం 2,650కి మించి, అంటే పదిహేడున్నర శాతానికి మించి పెట్టలేదు. ఒకే గది, అవే ఐదు ప్రాణాలు. ఇక 30 అన్న అంకెకు ఇక్కడ పనేముంది?

శాతంలో ఓడి లెక్కలో నెగ్గినవాడు

రెండో దరఖాస్తు జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసే కుర్రవాడిది. జీతం 16,000, నెలనెలా వస్తుంది. గదిలో ఒక్కడే. అద్దె 5,000, అంటే 31 శాతం. షరతు ప్రకారం అర్హుడు. కరెంటు, నీళ్లతో కలిపి 5,600 పోతే చేతిలో 10,400. కర్రీ పాయింట్ కూరలు, టిఫిన్లు, ఫోను అన్నీ కలిపి 7,200. ఊళ్లో అమ్మానాన్నలకు 3,000 పంపాక కూడా బాకీ పడకుండా నెట్టుకొస్తున్నాడు. నిజానికి అతనికి అవసరం కూడా లేదు, ఎవరో అర్హత ఉందని చెప్తే వచ్చాడు.

కార్డు విలువ, తలుపు విలువ

మూడో కుటుంబం పాలమూరు నుంచి వచ్చిన ఒంటరి తల్లిది. ఇళ్లలో పని, 11,000. ఇద్దరు ఆడపిల్లలు, తొమ్మిది, పదమూడేళ్లవాళ్లు. అద్దె 3,000, 27 శాతం. అర్హత లేదు. మా లెక్కలో ఖర్చులన్నీ కలిపి ఇంటికి 3,450 పోతే 7,550 మిగులుతుంది. వాళ్లకు కావాల్సింది 6,900. ఇక్కడా నెగ్గినట్టే, 650 మిగులు.

ఆ నెగ్గడం వెనుక తెలంగాణ రేషన్ కార్డు ఉంది. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, అంటే ముగ్గురికి 18 కిలోలు, బయట కొంటే 900. గ్యాసు 500కే వస్తుంది కాబట్టి నెలకు ఓ 270 ఆదా. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. రోజుకు 40 చొప్పున ఆమెకు మిగిలేది 1,040. మొత్తం నెలకు 2,200 పైన. అదే పని, అదే జీతం ఉన్న శ్రీకాకుళం మనిషికి ఈ మూడూ అందవు. బస్సులో ఆధార్ చూపిస్తే చిరునామా ఆంధ్రాది, టికెట్ కొట్టాల్సిందే. రేషన్ ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. కానీ కార్డు ఊళ్లో బావగారి కుటుంబంతో ఉమ్మడిగా ఉండి, బియ్యం అక్కడే తీసుకుంటే ఇక్కడ తీసుకోవడానికేం మిగలదు. కాబట్టి ఇద్దరికీ ఒకే అద్దె ఉన్నా ఒకరికి మోయగలిగింది, ఇంకొకరికి మోయలేనిది. అప్పటి నుంచి మా ఫారంలో కార్డు ఏ రాష్ట్రానిది, బియ్యం ఎవరు తీసుకుంటున్నారు అన్నవి మొదటి ప్రశ్నలయ్యాయి.

అయినా ఈ కుటుంబాన్ని ‘నెగ్గింది’ అని రాయడానికి నాకు మనసొప్పలేదు. 3,000కి గది దొరకడానికి కారణం, ఆ చప్టాలో ఎనిమిది గదులకు ఒకటే బాత్రూమ్. దానికి తలుపు బదులు ఫ్లెక్సీ ముక్క వేలాడుతోంది. పెద్ద పిల్ల స్నానానికి వెళ్తే తల్లి బయట నిలబడుతుంది. ఆమె నాలుగున్నరకే లేచి పిల్లల స్నానాలు కానిచ్చి పనికెళ్తుంది. తక్కువ అద్దె కడుతోందంటే అద్దె మోయగలుగుతోందని అర్థం కాదు. ఇల్లు అనదగినదాన్ని వదులుకుంటే అద్దె తగ్గింది. సొంత బాత్రూమ్ ఉన్న గది అదే వీధిలో 4,500. ఖర్చులతో 4,950. అప్పుడు మిగిలేది 6,050, లోటు 850. అందుకని మా లెక్కలో ఒక నియమం పెట్టుకున్నాం. గదికి తలుపున్న బాత్రూమ్ లేకపోయినా, ఒక గదిలో నలుగురికి మించి ఉన్నా, వాళ్లు కడుతున్న అద్దె కాకుండా ఆ వీధిలో కనీసం బాగున్న గది అద్దె పెట్టి లెక్క వేయాలి. మనుషులు తమను తాము కుదించుకుని చేసే పొదుపును మనం ‘అఫర్డబుల్’ అని రాసుకోకూడదు.

దూరం సంగతి కూడా ఒక మాట చెప్పాలి. కొల్లూరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. 560 చదరపు అడుగులు, మంచి ఇళ్లు, కిరాయి లేదు. కానీ కూకట్‌పల్లిలో ఐదిళ్లలో పొద్దున ఆరింటికి పని మొదలుపెట్టే మనిషి అక్కడి నుంచి వచ్చేసరికి రెండిళ్ల పని జారిపోతుంది. అమెరికాలో ఒక సంస్థ ఇంటి ఖర్చుకు రవాణా ఖర్చు కలిపి 45 శాతం గీత పెట్టింది. మన దగ్గర బస్సు చార్జీ కంటే పోయిన పని పెద్ద ఖర్చు. దూరం మారిన కుటుంబాలకు పోయిన ఆదాయాన్ని కూడా ఇంటి ఖర్చులో వేస్తున్నాం.

సంస్థ ఏమంది

ముగ్గురి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాం. శాతం ప్రకారం సాయం అందేది కుర్రవాడికి. మిగులు ప్రకారం మొదటి కుటుంబానికి, గది సంగతి కలిపితే తల్లికీ ఆడపిల్లలకూ. సంస్థవాళ్లు న్యాయంగానే ఒక ప్రశ్న వేశారు: “కుటుంబానికో లెక్క అయితే రేపు ఎవరైనా వచ్చి పక్షపాతం అంటే ఏం చూపిస్తారు?”

దానికి మేం ఒక పట్టిక తయారుచేశాం. ఒంటరి మనిషికి 7,200, ముగ్గురికి 9,100, ఐదుగురికి 12,450 మిగలాలి. తెలంగాణ కార్డు, ఉచిత బస్సు ఉంటే ఆ మేరకు తగ్గించాలి. మనిషికింత అని ఒకే అంకెతో హెచ్చవేయలేదు. గ్యాసు, ఫోను మనుషుల లెక్కన పెరగవు. ఆదాయం మాత్రం గడిచిన ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలది. ఆధారం డైరీయో, మేస్త్రీ హాజరు పుస్తకమో, ఫోన్‌పే చిట్టానో ఏదో ఒకటి చాలు. ధరలు మారతాయి కాబట్టి ఆరు నెలలకోసారి పట్టిక తిరగరాయాలి.

పట్టికను వాళ్లు ఒప్పుకున్నారు. మొదటి కుటుంబం బాకీ తీరింది. తల్లీపిల్లల విషయంలో కొత్త గది అడ్వాన్సు ఇవ్వడానికి సరేనన్నారు. కానీ ఆ గదికి నెలనెలా పెరిగే 1,500 ఎవరు కట్టాలన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. రెండు నెలల సాయం వాన నెలకు పనికొస్తుంది, చాలని జీతానికి పనికిరాదు. ఆమె ఇంకా ఆ గదిలోనే ఉంది. ఓనరుతో మాట్లాడి బాత్రూమ్‌కు రేకు తలుపు పెట్టించాం.

లెక్కలన్నీ ముందు పెట్టుకున్నాక అందరికంటే చౌకగా తగ్గించగలిగేది కరెంటు ఖర్చని తేలింది. గదికి విడి మీటరు పెడితే కుటుంబానికి నెలకు నాలుగైదు వందలు మిగులుతాయి, ఇక్కడి కార్డు ఉంటే బిల్లే రాదు. మీటరుకు దరఖాస్తు ఓనరే పెట్టాలి. కిరాయిదారు పేరు కాగితాల్లోకి ఎక్కితే రేపు గది తనదంటాడేమోనని ఓనర్లకు భయం. ఆ భయం తీర్చడానికి పదకొండు నెలల అగ్రిమెంటు, మీటరు ఓనరు పేరు మీదే, గృహజ్యోతి పథకానికి మాత్రం కిరాయిదారు కార్డు జతచేసే పద్ధతి చెప్తున్నాం. ఇద్దరు ఓనర్లు ఒప్పుకున్నారు. వేసవిలో ట్యాంకర్ల ఖర్చు మొదలవకముందే మరికొన్ని చప్టాల్లో ఈ పని పూర్తి చేయాలన్నది ఇప్పుడు మా ముందున్న పని.